లెక్కపెట్టని మంద

అఫ్లూ పట్నం దాటి చాలా దూరం వచ్చాక, ఎండిపోయిన వాగు మలుపులో ఒక మనిషి రోడ్డు పక్కన నిలబడి కనిపించాడు. చెయ్యి ఎత్తలేదు. వచ్చే బండి తన కోసం ఆగదని తెలిసినా నిలబడేవాళ్ళు కొందరుంటారు, అలా నిలబడ్డాడు. మా డ్రైవరు కుయిదర్ కాలు బ్రేకు మీదికి పోయి మళ్ళీ వెనక్కి వచ్చేసింది.

"ఎక్కించుకోవా?" అన్నాను.

"వాణ్ణా బాబాయ్? వాడు దిగేటప్పటికి నా స్టెప్నీ ఉంటుందా?"

"ఎవరతను?"

"మబ్ఖూత్. బషార్."

పోయిన పశువుల కబురు తెచ్చేవాణ్ణి మా స్టెప్పీ మైదానంలో బషార్ అంటారు. నీ గొర్రెలు పోయిన వారానికో పది రోజులకో వస్తాడు, ఫలానా చోట ఉన్నాయని నేరుగా చెప్పడు, దొంగ పేరు అసలే చెప్పడు. నువ్వు అడగనని ఒట్టు పెట్టాలి, ఠాణాకి పోనని ఒట్టు పెట్టాలి. అప్పుడు గొర్రెలు నడిచి వస్తాయి, ఒకటో రెండో తగ్గి. తగ్గినవి దొంగ వాటా. ఈ ఆచారం ధర్మమా అధర్మమా అని ఒయాసిస్సుల్లోని పాత గ్రంథాలయాల్లో పండితులు పేజీలకు పేజీలు తగవులాడుకున్నారు. దొంగకు కూలి కట్టించేవాడు దొంగేనని ఒకాయన రాస్తే, ఆకలితో ఉన్న ఇంటికి మంద తిరిగి రావడం ముఖ్యమని అదే పేజీ అంచులో ఇంకొకాయన రాశాడు. చెదపురుగులు ఇద్దరి మాటలనూ సమానంగా తిన్నాయి.

బండి ఆపమన్నాను. కుయిదర్ గొణుక్కుంటూ ఆపాడు. ఆ మనిషి వెనక ఎక్కి బార్లీ బస్తాల మీద కూచున్నాడు. యాభై దాటిన వయసు. ఒంటెబొచ్చు అంగీ మోకాళ్ళ దగ్గర అరిగిపోయి ఉంది. చేతులు మాత్రం నున్నగా, నూనె రాసినట్టున్నాయి. ఉన్ని పట్టుకుని బతికినవాడి చేతులవి.

కుయిదర్ అద్దంలో అతన్నే చూస్తూ నడిపాడు. ఉండబట్టలేక అన్నాడు, "ఏం మబ్ఖూతన్నా, ఈ మధ్య ఎవరి గొర్రెలు కలలోకొచ్చాయి?"

"నీ బండొచ్చింది తమ్ముడూ. ఎక్కడో దాహంతో నిలబడి ఉంది పాపం."

బషార్లు కబురు అందించేటప్పుడు అనే మాట అదే. మీ పశువులు ఎక్కడో దాహంతో ఉన్నాయట అంటారు. కుయిదర్ వాగు నుంచి ఖద్రా ఊరి మలుపు దాకా రెండుసార్లు బండి ఆపి టైర్లు తట్టి చూసుకున్నాడు.

ఖద్రా మా చిన్నమ్మ కూతురు. రెండేళ్ళ కిందట మొగుడు పోయాడు, పిల్లల్లేరు, పంతొమ్మిది తల్లి గొర్రెలు ఉన్నాయి. ఉన్నాయి అనకూడదు, పన్నెండు రోజుల కిందటి దాకా ఉండేవి. బక్రీదు ఇంకా మూడు వారాలుంది. గొర్రె ధర చుక్కల్లో ఉండే రోజులు, దొంగలకు కోతల కాలం. పక్క తండాలో పెళ్ళికి పోయి వచ్చేసరికి దొడ్డి తలుపు కట్టేసినట్టే ఉంది, లోపల ఏమీ లేదు. ఆ సంగతి తెలిసి నేను బయల్దేరాను. పోయింది గొర్రెలే అయితే ఏదోలా తట్టుకునేది. మా బావుల దగ్గర కట్టుబాటు ఏమిటంటే, ఒక వేసవి దాటేదాకా బావికి పశువును తోలని ఇల్లు తన నీళ్ళ వంతు పోగొట్టుకుంటుంది. వంతు పోతే అక్కడ ఉండి చేసేదేమీ లేదు. మరిది అఫ్లూలో మూడో అంతస్తు గదిలో ఉంటాడు, వంటింట్లో ఒక చాప మీద చోటు చూపిస్తానని ఇప్పటికే కబురంపాడు.

మలుపులో నేను దిగాను. మబ్ఖూత్ కూడా దిగాడు.

"నువ్వూ ఇక్కడికేనా?"

"ఇక్కడికే."

"ఎవరింటికి?"

"మీరు పోయే ఇంటికే పెద్దాయనా."

నేను ఎక్కడికి పోతున్నానో బండిలో ఒక్క మాట అనలేదు. నా సంచి బరువుగా ఉంటే అతను అందుకోబోయాడు. ఇవ్వలేదు. ఆ సంగతి ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగానే ఉంది, కానీ ఇవ్వలేదు.

దారిలో అడిగితే తన గురించి చెప్పాడు. అడిగినంత వరకే చెప్పేవాడు. పన్నెండో ఏట కత్తెర పట్టాడు. ముప్పై వసంతాలు లఘ్వాత్ నుంచి ఉప్పు మడుగుల దాకా గుడారం గుడారం తిరిగి గొర్రెల బొచ్చు కత్తిరించాడు. కత్తిరించేవాడు గొర్రెను ఒళ్ళో వేసుకుంటాడు కదా, ముఖం తన ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. ఒకసారి చూసిన ముఖం మరిచిపోయేవాడు కాదట. ఒక ఏడాది ఒకరి గుడారం దగ్గర కత్తిరిస్తుంటే, అంతకు ముందటి ఏడాది ఇంకొకరి గుడారంలో కత్తిరించిన గొర్రె ఒళ్ళోకి వచ్చింది. చెవి మీద యజమాని గుర్తుగా కోసిన కోత కొత్తది, ముఖం పాతది. అక్కడ ఏమీ అనలేదు. పని ముగించి, టీ తాగి, రెండు రోజులు నడిచి పాత యజమానికి చెప్పాడు. పేరు మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, "ఆయింట రొట్టె తిన్నాను కదా" అన్నాడు. అక్కణ్ణించి మొదలైంది. గొర్రెలు పోయినవాళ్ళు అతన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు, తర్వాత దొంగలూ రావడం మొదలుపెట్టారు.

"మరి నీ వాటా?"

"భోజనం పెడతారు."

మా వాళ్ళకి మింగుడు పడనిది అదే. కూలి తీసుకునే బషార్‌ని భరిస్తారు. తీసుకోనివాడు ఎలా బతుకుతున్నాడని రాత్రింబవళ్ళు లెక్కలు కడతారు. కుక్కలు అతన్ని చూసి మొరగవన్నది రెండో నేరం. ముప్పై ఏళ్ళు ఆ గుడారాల మధ్యే తిరిగినవాణ్ణి చూసి కుక్క ఎందుకు మొరగాలి? కానీ ఆ మాట నాకు తోచింది ఇప్పుడు. ఆ రోజు ఖద్రా కుక్క తోకాడిస్తూ ఎదురొచ్చి అతని చెయ్యి నాకినప్పుడు నా అనుమానం ఇంకా బిగిసింది.

ఇంట్లో హాజ్ బెల్‌ఖైర్ ఉన్నాడు. బావికి అవతలి మందల యజమాని, తెల్లటి గడ్డం, వెండిపిడి చేతికర్ర. పరామర్శకి రోజూ వస్తున్నాడట. ఖద్రా వంతు నీళ్ళు వృథా పోకుండా ఈ పన్నెండు రోజులూ తన మందకే తాగిస్తున్నాడట, ఆమె మేలు కోరి.

మబ్ఖూత్ గడప దాటకుండా బయటే నిలబడ్డాడు.

"అక్కా, మీ పశువులు ఎక్కడో దాహంతో ఉన్నాయట."

ఖద్రా చేతిలోని పిండి గిన్నె కింద పెట్టింది. బెల్‌ఖైర్ కర్రతో నేల తట్టాడు.

"వినమ్మా విను. దొంగిల్లు దొంగకి తెలియక ఎవరికి తెలుస్తుంది? ఇటు తినేది వీడే, అటు తినేది వీడే. అవునా మబ్ఖూత్?"

"మీరు పెద్దవారు హాజీ. మీకు తెలియనిది నాకేం తెలుస్తుంది?"

ఆ మాట అంటూ అతను బెల్‌ఖైర్ వైపు చూడలేదు. గడప మీద పాకుతున్న చీమల్ని చూస్తున్నాడు.

ఖద్రా రొట్టె, ఉప్పు తెచ్చింది. పేరు అడగనని, ఠాణాకి పోనని ఒట్టు పెట్టింది. దొంగ వాటా రెండు గొర్రెలు అన్నాడు మబ్ఖూత్. ఒప్పుకుంది. ఎల్లుండి శుక్రవారం, పొద్దెక్కాక బావి దగ్గరికి రమ్మని చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

"ఆ రెండూ వాడి కుండలోకే," అన్నాడు బెల్‌ఖైర్. "పోనీ, తెచ్చినవాటిని వాడి మొహం మీదే లెక్కపెట్టి తీసుకోమ్మా. సిగ్గుపడనీ."

ఖద్రా తల అడ్డంగా ఊపింది. బషార్ తెచ్చిన మందను అతని ఎదుట లెక్కపెట్టరు. వేలు చూపి లెక్కపెట్టడమంటే నువ్వు దొంగవని మొహాన అనడమే. మా ముసలివాళ్ళు ఆ సమయంలో కావాలనే తల పక్కకి తిప్పుకుని వాతావరణం గురించి మాట్లాడేవారు.

శుక్రవారం ఎండలో ఆ మంద అల్ఫా గడ్డి దిబ్బల మీంచి దిగింది. వెనక మబ్ఖూత్ ఒక్కడే ఉన్నాడు. ఖద్రా పేరు పెట్టి పిలిచింది. మచ్చలది, ఎర్రముక్కుది, చెవిటిది. అవి పరుగెత్తుకొచ్చి ఆమె గౌను అంచు నమిలాయి. నేను పడమటి మబ్బుల గురించి ఏదో అన్నాను. మబ్బులు లేవు. మబ్ఖూత్ అవునన్నాడు. ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇంటికి తోలుకొచ్చి దొడ్డిలో నీళ్ళు పెడుతుంటే ఖద్రా ఆగిపోయింది.

"అన్నా, ఇది నాది కాదు."

బూడిద ముఖం గొర్రె ఒకటి తొట్టిలో మూతి పెట్టి తాగుతోంది. అప్పుడు లెక్కపెట్టాను. పదిహేడు రావాలి, పద్దెనిమిది ఉన్నాయి. కుడిచెవి కింది అంచున రెండు గంట్లు పక్కపక్కన. పిచ్చుక కాలు అంటారు ఆ గుర్తుని. బావి చుట్టుపక్కల పాకే పిల్లలకి కూడా తెలుసు, అది బెల్‌ఖైర్ మంద గుర్తు.

"ఎవరిదో తెలిసిందా?" అన్నాను.

"అడగనని ఒట్టు పెట్టాను. నన్ను అడక్కు."

మబ్ఖూత్ లోపల చాప మీద భోజనానికి కూచున్నాడు. గొర్రెను వాకిట్లోకి తెచ్చి చూపించాం. చెవి చూశాడు, రొట్టె తుంచడం ఆపలేదు.

"దారిలో కలిసినట్టుంది. నాకివ్వక్కా, వచ్చిన చోట వదిలేస్తాను."

అది బషార్ అనవలసిన మాటే. కానీ ఖద్రా తాడు వదల్లేదు.

"నువ్వు వదిలేదాకా ఇది నా దొడ్డిలో ఉందని ఎవరైనా చూస్తే? ఇప్పుడే ఆయన వచ్చి నా గొర్రె ఇక్కడుందేమిటంటే? ఇన్నాళ్ళూ మంద పోగొట్టుకున్నదాన్ని నేను. సాయంత్రానికి దొంగనీ నేనే అవుతాను. అప్పుడు వంతూ పోతుంది, పేరూ పోతుంది."

"అక్కా, నా మాట విను."

"విన్నాను తమ్ముడూ. పేరడగనన్నాను. గొర్రెని తిరిగివ్వనని అనలేదు."

నమాజు అయి మగవాళ్ళు మసీదు బయట చెప్పులు వెతుక్కుంటున్నారు. ఖద్రా గొర్రెను లాక్కుంటూ నేరుగా వాళ్ళ మధ్యకి నడిచింది. నేను ఆమె వెనక, మబ్ఖూత్ ఇంకా చాలా వెనక.

"హాజీ మామా, మీ గొర్రె నా మందలో కలిసి వచ్చింది. తీసుకోండి."

బెల్‌ఖైర్ కళ్ళజోడు తీసి అంగీతో తుడుచుకుని పెట్టుకున్నాడు. చెవి పట్టుకుని చాలాసేపు చూశాడు. తీసుకుంటే, ఖద్రా గొర్రెలు ఇన్ని రోజులూ ఎవరి మందలో నిలబడ్డాయో తానే చెప్పినట్టు. ఆ లెక్క ఆయన మొహం మీద కదులుతుండడం అక్కడున్న అందరం చూశాం.

"నాది కాదమ్మా."

"గుర్తు మీదే కదా?"

"గుర్తు ఎవడైనా కోస్తాడు. నా మందలో ఒక్కటి తగ్గలేదు."

చెప్పులు దొరికినా వేసుకోకుండా నిలబడ్డ ఒక ముసలాయన అడిగాడు, "లెక్కపెట్టుకున్నారా హాజీ?"

ఎవరో దగ్గారు. ఎవరో ఆ దగ్గు వెనక నవ్వారు.

ఖద్రా తాడు చేతికి ఇంకో చుట్టు తిప్పుకుంది. "సరే మామా. ఇంతమంది ముందు మీది కాదన్నారు. ఎవరిదో వాళ్ళు వచ్చేదాకా నా దగ్గరుంటుంది. రేపట్నుంచి నా వంతులో నా మందతో పాటు తాగుతుంది."

బెల్‌ఖైర్ తల ఊపాడు. ఇంకేం చెయ్యగలడు? దొంగ అన్న మాట ఎవరి నోటా రాలేదు. గుంపు మెల్లగా విడిపోయింది. పోతూ పోతూ వాళ్ళు చూసింది బెల్‌ఖైర్‌ని కాదు, మబ్ఖూత్‌ని. ఒకడు దగ్గరగా వచ్చి అన్నాడు కూడా, "నీ చేతిలోంచి పేరు జారి బయటపడింది కదన్నా. ఇక నీ ద్వారా గొర్రెలు ఎవడు పంపుతాడు?"

మబ్ఖూత్ రోడ్డు వైపు నడక సాగించాడు. నేను అతనితో మలుపు దాకా నడిచాను. నాలో ఒక ప్రశ్న మెదులుతోంది, అది బెల్‌ఖైర్ దొంగా కాదా అన్నది కాదు. నిజంగానే గొర్రెలు దొంగిలించినవాడి మీద నేరం పడేలా ఒక గొర్రెను మందలో కలపవచ్చు. దొంగ కాని పెద్దమనిషి మందలోంచి ముందురోజు ఒకదాన్ని తప్పించి కూడా కలపవచ్చు. ఈ రెండు పనులూ చెయ్యగలిగినవాడు ఆ మైదానంలో ఒక్కడే, కుక్కలు మొరగనివాడు.

"మబ్ఖూత్," అన్నాను, "ముప్పై ఏళ్ళు ప్రతి ముఖం ఒళ్ళో పెట్టుకుని చూసినవాడివి. దిబ్బల మీంచి పొద్దుటి నుంచీ తోలుకొచ్చావు. పదిహేడుకీ పద్దెనిమిదికీ తేడా నీకు తెలియలేదంటే నేను నమ్మాలా? ఆ గొర్రె వెంటపడి వచ్చిందా, నువ్వు తెచ్చావా?"

ఆగి నా వైపు తిరిగాడు. కోపం లేదు. కత్తిరించబోయే గొర్రె ముఖం చూసినట్టు నా ముఖాన్ని కాసేపు చూశాడు.

"అక్క ఒట్టు పెట్టింది," అన్నాడు. "మీరు పెట్టలేదు కదూ?"

"పెట్టలేదు."

అయితే మీకు చెప్పే మాట నా దగ్గర లేదన్నట్టు తల ఊపాడు. అంగీ టోపీ తల మీదికి లాక్కున్నాడు. సలాము చెప్పకుండానే రోడ్డు దాటి, ఏ ఇల్లూ లేని వైపు, అల్ఫా గడ్డిలోకి నడిచిపోయాడు.