ఫోన్ పెట్టేయని ఎడ్విన్

“...చనిపోయానని మీరే చెప్పారు కదా సార్, పోయిన మంగళవారం.”

“చెప్పాను తల్లీ. ఆ రోజు చనిపోయాను. ఇవాళ బతికే ఉన్నాను. ఇవాళ నాకు వెన్నునొప్పి.”

“ఇలా రోజుకోలా చెబితే నేనేం రాసుకోవాలండీ?”

“ఇంకో కాగితం తీసుకో. నాకేం తొందర లేదు.”

గోడకు ఇవతల నేను టీ తాగుతూ ఇదంతా విన్నాను. వినాలని వినలేదు. ఎడ్విన్ హోల్డెన్‌కు చెవుడు, అందుకని ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడతాడు. బర్న్‌లీ ఊళ్లో మా వీధి ఇళ్లన్నీ ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, మధ్య గోడలు ఒక్క ఇటుక మందం. వీధి మొదట్లో తుమ్మితే చివరింట్లోవాళ్లు చల్లగా ఉండమంటారు.

ఎడ్విన్ మంచివాడు. తన మెట్లతోపాటు నా మెట్లూ కడిగేవాడు. ఆయనకున్న వింత ఒక్కటే: ఎవరు ఫోన్ చేసినా పెట్టేయడు.

అప్పట్లో ఇంటింటికీ రోజుకు మూడు కాల్స్ వచ్చేవి. మీ బ్యాంకు అప్పుతోపాటు మీకు బీమా అంటగట్టిందా, వెనక్కి ఇప్పిస్తాం, అని. బ్యాంకులు చేసిన పని అలాంటిది. ఉద్యోగం పోయినా జబ్బు చేసినా వాయిదాలు బీమాయే కడుతుందని చెప్పి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ, దానితో ఎప్పటికీ పనిపడనివాళ్లకూ కలిపి అమ్మేశాయి. చివరికి అది తప్పని తేలింది. అడిగినవాళ్లకు తిరిగి ఇవ్వాల్సిందే అన్నారు. జనం తరఫున అడిగిపెట్టడానికి కంపెనీలు పుట్టుకొచ్చి, వచ్చినదాంట్లో మూడో వంతో నాలుగో వంతో పట్టుకుపోయేవి.

ఆ కాల్స్ వస్తే నేను ఠక్కున పెట్టేసేదాన్ని. ఎదురింటి మ్యూరియల్‌కు అలా పెట్టేయడం మర్యాద కాదనిపించేది. అందుకని తన గొంతుతోనే, “మ్యూరియల్ ఇంట్లో లేదండీ, క్షమించాలి” అని చెప్పి, అవతలివాళ్లు పెట్టేదాకా రిసీవర్ పట్టుకుని నిలబడేది.

ఎడ్విన్ మాత్రం కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. మొదటి పది నిమిషాలూ వాన. అవతలి అమ్మాయి దూరాన స్వాన్సీ ఊరి నుంచి మాట్లాడితే స్వాన్సీ వాన, ఇక్కడి వాన, రెండింటికీ తేడా. తర్వాత కెటిల్ పెట్టి వస్తానని ఆ పిల్లను ఉండమనేవాడు. ఆ పిల్ల ఉండేది. ఒకసారి రెండుంబావు గంటలు మాట్లాడాడు. మధ్యలో అవతలి కుర్రాడి డ్యూటీ అయిపోతే, వాడు ఫోన్ పెట్టేయలేక తర్వాత వచ్చినవాడికి అందించి ఇంటికి పోయాడు.

విచిత్రమేమిటంటే ఎడ్విన్ జీవితంలో అప్పు చేయలేదు. ముప్పై ఒక్క ఏళ్లు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. సోఫా కొనడానికి నాలుగేళ్లు డబ్బు కూడబెట్టి, ఆ నాలుగేళ్లూ వంటింటి కుర్చీల మీద టీవీ చూసినవాడు. అలాంటి మనిషి ఫోన్‌లో తన అప్పుల గురించి కథలు కథలుగా చెప్పేవాడు. సోమవారం మాంసం కొట్టులో పని, మంగళవారం ప్లంబరు, గురువారం లారీ డ్రైవరు. ఒక శుక్రవారం నా కప్పు చేతిలోంచి జారినంత పనైంది.

“నేను బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వడ్డిస్తాను,” అంటున్నాడు.

“వంటావిడా సార్?”

“వంటావిడనే. కస్టర్డ్ నాదే. ఇరవై రెండేళ్లుగా.”

“మీ పేరు ఎడ్విన్ అని ఉందండీ.”

“పేరుకేముందిలే తల్లీ. జబ్బు చేస్తే బడి నడిపే కౌన్సిల్ నాకు ఆరు నెలలు పూర్తి జీతం ఇస్తుంది. మరి వంటింటి బీరువాల కోసం అప్పు తీసుకున్నప్పుడు నాకు బీమా ఎందుకు అమ్మారంటావు?”

ఆ పిల్ల నిజంగానే ఆలోచించి, మెల్లగా, వివరంగా జవాబు చెప్పింది. ఎడ్విన్ మళ్లీ చెప్పమన్నాడు, రాసుకుంటున్నానన్నాడు. నేను గోడకు ఇవతల ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాను. మర్నాడు మ్యూరియల్‌కు చెప్పి ఇద్దరం నవ్వాం. ఒంటరితనమేమోలే పాపం, అని మ్యూరియల్ ఆదివారం ఆయనకు ఆపిల్ పై ఒకటి వండి పంపింది.

ఆ బడి వంటావిడ ఎవరో నాకు అప్పుడు తట్టలేదు. ఇరవై రెండేళ్లుగా బడిలో కస్టర్డ్ కలిపే మనిషిని నేనే అయినా సరే.

రెండు వేల పంతొమ్మిది ఆగస్టు ఇరవై తొమ్మిది ఆఖరు తేదీ అన్నారు. ఆ తర్వాత అడిగినా పెన్నీ రాదు. చివరి వారం ఊరంతా పూనకం వచ్చినట్టుంది. టీవీలో రోజులు లెక్కపెడుతున్నారు. లైబ్రరీలో కంప్యూటర్ల ముందు బారులు. పోస్టాఫీసు వరసలో ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా నీకెంత వచ్చిందంటే నీకెంత వచ్చిందని అడుగుతున్నారు. ఇక్కడివాళ్లు లోపలి బట్టల కొలతైనా చెబుతారు గానీ బ్యాంకు సంగతి ఎత్తరు. అలాంటిది ఆ వారం బస్టాపులో నిలబడి వాయిదాల గురించి అరుచుకున్నారు.

బుధవారం, అంటే ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం, బడి వంటిల్లు శుభ్రం చేసి ఇంటికి వచ్చేసరికి గుమ్మం లోపల ఒక గోధుమరంగు కవరు పడి ఉంది. తీస్తే బీమా డబ్బు వెనక్కి అడిగే ఫారం. నా పేరు, బడి పేరు, బీరువాల అప్పు, ఆరు నెలల జీతం, అన్నీ నీటుగా నింపి ఉన్నాయి. సంతకం ఒక్కటే ఖాళీ. టికెట్ల వెనక రాసి రాసి అలవాటైన ఆ గుండ్రటి చేతిరాత నాకు తెలుసు.

నేను తలుపు తీసేసరికి మ్యూరియల్ ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే వీధి దాటుతోంది. ఆమె చేతిలోనూ అలాంటి కవరే. ఎప్పుడూ గొంతు లేవని మనిషి, ఎడ్విన్ తలుపును పిడికిలితో బాదింది.

“రేమండ్ అప్పు సంగతి నీకెలా తెలుసు? పోయినవాడి పేరు మీద ఫారం నింపడానికి నువ్వెవరు?”

ఎడ్విన్ మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, ముందు బిస్కెట్లు తెచ్చాడు. రేమండ్ మ్యూరియల్ భర్త. ప్లంబరు, సొంతంగా పనిచేసుకునేవాడు. వ్యాను కొనడానికి అప్పు తీసుకున్నప్పుడు బ్యాంకులో శాండ్రా అనే పిల్ల ఈ బీమా కలిపి ఇచ్చింది. అప్పు సంగతి రేమండే తనకు చెప్పాడని, ఇంకొకరితో అనవద్దన్నాడని ఎడ్విన్ ఒప్పుకున్నాడు. నా బీరువాలతో సహా మిగతా అప్పులు, ఆయన బస్సుల్లో మేం ఇంట్లోవాళ్లతో అనుకుంటుంటే చెవిన పడ్డవట. మరి మమ్మల్ని ముందే అడగొచ్చుగా అన్నాను.

“డబ్బు సంగతి అడిగితే మీరు నాతో మాట్లాడటం మానేస్తారు పాలీన్. ఈ ఫోన్లవాళ్లను అడిగితే వాళ్లు సంతోషపడ్డారు. పైగా ఈ పని నేర్చుకున్నవాళ్లాయె. ఒక్కో ఇంటి కథా ఎనిమిదేసిమందికి చెప్పి చూశాను. అందరూ ఒకే జవాబు చెబితేగానీ ఫారం నింపలేదు.”

అప్పుడు ఒక్కొక్కటీ అర్థమైంది. మాంసం కొట్టు పదకొండో నంబరు ఇంటివాళ్లది. లారీ డ్రైవరు మూలింటాయన. ఏడు నెలలుగా ఎడ్విన్ మా వీధి మొత్తాన్నీ ఆ ఫోన్‌లో బతికాడు.

“ఎంత బాగా నింపినా ఇది నేను ఇవ్వను,” అంది మ్యూరియల్. “బ్యాంకు మీద ఫిర్యాదంటే శాండ్రా మీద ఫిర్యాదే. రేమండ్ అంత్యక్రియల రోజు వంటింట్లో నిలబడి అరవై మందికి హ్యామ్ శాండ్‌విచ్‌లు కోసిందా పిల్ల. రొట్టె అంచులు కూడా తీసేసింది. అలాంటి పిల్ల ఉద్యోగానికి ఎసరు పెట్టమంటావా?”

ఎడ్విన్ బిస్కెట్ల పళ్లెం ముందుకు జరిపాడు. అడగడానికి ఇక రేపు ఒక్కరోజే ఉంది.

ఫోన్ మోగింది.

ఎడ్విన్ స్పీకర్ నొక్కి, అవతలి హలో వినగానే, “చెప్పు రియానన్, అక్కడ వాన పడుతోందా?” అన్నాడు. అవతల స్వాన్సీ అమ్మాయి పడుతోందంది. ఇవాళ మీరెవరండీ అని అడిగింది.

“ఇవాళ నేను కాదమ్మా, ఇక్కడ ప్లంబరు గారి భార్య ఉంది.”

మ్యూరియల్ ఆయన వైపు చంపేసేలా చూసింది. అయినా ఫోన్‌లో మనిషిని పలకరించకుండా ఉండటం ఆమె వల్ల కాదు. క్షమించాలి, ఉన్నానండీ, అంది.

“అయ్యో, మీరా అమ్మా,” అంది ఆ పిల్ల. “మీ ఆయన సంగతి విని ఆ రోజంతా నాకు అదోలా ఉంది. భుజం విరిగి తొమ్మిది వారాలు ఇంట్లో ఉన్నా, సొంత పని చేసుకునేవాళ్లకు వర్తించదని బీమావాళ్లు ఒక్క వాయిదా కూడా కట్టలేదటగా. మీతో చెప్పలేక పావురాలు అమ్మేసి కట్టారటగా.”

రేమండ్ పందెం పావురాలు మా వీధికంతా తెలుసు. పద్దెనిమిది ఉండేవి.

“పావురాలంటే విసుగొచ్చి ఇచ్చేశానన్నాడు,” అంది మ్యూరియల్. “నేను సంతోషించాను కూడా. దొడ్డి శుభ్రంగా ఉంటుందని.”

రియానన్ ఏదో తప్పు మాట్లాడానేమోనని కంగారుపడింది. మ్యూరియల్ ఆమెనే సముదాయించి, వచ్చి ఎడ్విన్ కుర్చీలో కూర్చుంది. ఆ తర్వాత, తలుపులు వేసుకుని మాట్లాడినంత మెల్లగా, ఒక్కటే అడిగింది.

“ఇది అమ్మిన పిల్ల ఉద్యోగం పోతుందా అమ్మా?”

“పోదండీ. కౌంటర్‌లో కూర్చున్న పిల్లలకు వారానికి ఇన్ని అమ్మాలని పైనుంచి చెప్పేవారు. అమ్మకపోతే వాళ్లనే నిలబెట్టి అడిగేవారు. నా దగ్గరికి అలాంటివాళ్లు చాలామంది వస్తారు. లెక్క తక్కువైన వారం తమ అప్పుకు తామే ఆ బీమా అంటించుకున్నవాళ్లు. సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోరు, అడగరు.”

“ఆ పిల్లకూ అక్కడే అప్పుంది. అలా తామే కొనుక్కున్నారా?”

“చాలామంది. ఇంకో మాటండీ, ఫారం మీరే నేరుగా బ్యాంకులో ఇచ్చుకుంటే మాకు వంతు ఇవ్వాల్సిన పనిలేదు. ఈ మాట నేను అనలేదు.”

ఎవరూ ఏమీ అనలేదని ఎడ్విన్ మాట ఇచ్చాడు. ఆ పిల్ల, మీ ఇంట్లో ఇంకా ఎంతమంది ఉంటారు సార్, ఇప్పటికి ఏడుగురితో మాట్లాడాను, అని అడిగింది. ఆయన చాలాసేపు లెక్కపెట్టి, పెద్ద కుటుంబమమ్మా అన్నాడు.

మ్యూరియల్ కవరులోంచి ఫారం తీసి, ఎడ్విన్ జేబులోంచి పెన్ను తీసుకుని, సంతకం పెట్టింది. పేరు మొత్తం రాసింది.

“నీ దగ్గర ఖాళీ ఫారం ఇంకొకటి ఉందా?” అని అడిగింది.

“ఉంది. ఎవరికి?”

“రేపు బ్యాంకు తొమ్మిదిన్నరకు తెరుస్తారు. నేనే వెళ్తాను, శాండ్రా కౌంటర్ దగ్గరే నిలబడతాను. ముందు నాది ఇస్తాను. తర్వాత రెండోది ఆమె ముందు పెట్టి, ఆమె సంతకం చేసేదాకా అక్కడి నుంచి కదలను.”