మా మామ గుట్ట కింద మడత

గుట్టను తలకిందులు చేసిన మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. ఇదిగో, నేనే. అదీ చుట్టాలందరి ఎదుట చేశాను.

నా ఉద్యోగం భూమికి స్కానింగ్ తీయడం. నేల మీద సమ్మెటతో కొడితే ఆ అదురు లోపలి రాతిపొరకు తగిలి పైకి తిరిగొస్తుంది. వరసగా పాతిన యంత్రాలు దాన్ని పడతాయి. ఎంత ఆలస్యంగా వస్తే పొర అంత లోతన్నమాట. ఈశాన్య కొండల్లో పొరలు మడతలు పడి, ఒకదాని మీదికొకటి ఎక్కి కూర్చుంటాయి. అక్కడికి వెళ్లే బృందంలో ఒకే ఒక్క చోటుంది. నాకది కావాలి.

"ముందు ఎక్కడైనా ఎగుడుదిగుడు నేల మీద చేసి చూపించు" అన్నారు మా మేడం.

"లింగంపేట దగ్గర మా మామకు గుట్టే ఉంది మేడం" అన్నాను, అదేదో నా జేబులో ఉన్నట్టు.

కొట్టాం, పట్టాం. ఎల్లారెడ్డిలో మా ఇంట్లో కూర్చుని బొమ్మ తీస్తే, గుట్ట కింద రాతిపొర మూకుడులా ఒంగి ఉంది. ఇంకేం, మామకు ఫోన్ కొట్టాను.

"మామా, నీ గుట్ట కింద ఇంత పెద్ద మడతున్నది."

"బంగారమా బిడ్డా?"

"కాదు, మడత."

"దాన్నేం జేసుకోవాలె?"

"గర్వపడాలె మామా."

పడ్డాడు. ఎంతగా అంటే, మర్నాడు మేడం బస చేసిన కామారెడ్డి లాడ్జిలో నేను ఆమెకు బొమ్మ చూపించే వేళకు జిలేబీ పొట్లంతో దిగాడు. వెనకే మా అమ్మ, ఆటో నిండా చుట్టాలు.

మేడం చాలాసేపు చూసి, "ల్యాప్‌టాప్ తలకిందులు చెయ్యి" అన్నారు. చేశాను.

మామ ముందుకు వంగాడు. "అగో, ఇది మన గుట్టనే గదనే. గా మొనదేలిన బండ గూడ ఉన్నది."

ఉంది మరి. గుట్ట మీది యంత్రం దాకా ఎక్కి రావడానికి అదురుకు ఆలస్యమవుతుంది. ఆ ఎత్తును లెక్కలోంచి తీసేయడం మా పనిలో ఓనమాలు. నేను తీయలేదు. దాంతో ఎత్తంతా లోతై కూర్చుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, నేను ఇంటివాళ్లకు ఫోన్ కొట్టి మరీ రచ్చ చేసుకున్నాను.

అక్కడే, అందరి ముందే ఎత్తులు తీసేసి మళ్లీ లెక్క కట్టాను. మూకుడు కాస్తా రొట్టెలా చదునైంది.

"మడత పాయె" అన్నాడు మామ దిగులుగా.

"పోతే పోనీ. మా బిడ్డనే వెట్టింది, మా బిడ్డనే తీసింది. ఎవరికొస్తది గట్ల?" అంది అమ్మ.

మేడం నవ్వారు. "కొండల్లో ఎత్తులు సరిచేసే పని నీదే. ఇక ఈ జన్మలో మరిచిపోవు."

మరిచిపోలేదు. ఈశాన్య కొండల్లో, అంతకుముందు తీసిన బొమ్మల్లో అలుక్కుపోయి కనిపించిన చోట, నా బొమ్మలో ఒక పొర మీదికి ఇంకో పొర ఎక్కిన తీరు స్పష్టంగా తేలింది. గొప్పలు కాదు, నిజంగా బాగా వచ్చింది. సరే, గొప్పలే. ఫ్రేము కట్టించి ఇంట్లో తగిలించాను.

మామ వచ్చి దాన్ని మేకు మీంచి దించాడు. తలకిందులుగా పట్టుకుని తేరిపార చూశాడు. "ఇది మన గుట్ట గాదు" అని తేల్చాకే జిలేబీ పొట్లం విప్పాడు.

అందుకని ఇష్టదైవం సాక్షిగా ఒట్టేస్తున్నాను: మామ తిప్పి చూడనిదే ఏ మడతనూ మడత అనను.