పెన్నలో నీటి వెంట

వరుసగా రెండో ఏడు కూడా వానలు పడలేదు. అప్పుడు నేను ప్రొద్దుటూరులో మంచినీళ్ల విభాగంలో ఇంజనీరుగా ఉన్నాను. మా ఊరికి నీళ్లిచ్చేవి పెన్నా ఇసుకలో తవ్విన బావులే. ఆ వేసవికి అవి అడుగంటాయి. మోటారు వేసిన కాసేపటికే నీళ్లకు బదులు గాలి వచ్చేది. కొళాయిలు నాలుగు రోజులకొకసారి వదులుతున్నాం, అదీ సన్నగా. చివరికి మైలవరం డ్యాం నుంచి ఏట్లోకి కొన్ని నీళ్లు వదలడానికి పైవాళ్లు ఒప్పుకున్నారు. అవి దారిలో పొలాలకు మళ్లకుండా మా బావుల దాకా చేరేట్టు చూడటం నా పని.

వదిలిన నీళ్లు పరుగెత్తి వస్తాయనుకున్నాను. అలా రాలేదు. జమ్మలమడుగు దాటాక నురగనూ ఎండుటాకులనూ ముందుకు తోసుకుంటూ, మనిషి నడక కంటే నెమ్మదిగా ఇసుక మీద పాకాయి. ఇసుక తవ్విన గుంత ఎదురైతే అది నిండేదాకా అక్కడే నిలిచిపోయేవి. మేమూ నిలిచిపోయేవాళ్లం. నాతో వచ్చిన ఫిట్టరు తుమ్మచెట్టు నీడలో తువ్వాలు పరుచుకుని కునుకు తీసేవాడు. నాకు మాత్రం కూర్చోబుద్ధయ్యేది కాదు.

మరునాడు ఒక పల్లె దగ్గర నీళ్లు ఉన్నట్టుండి సన్నబడ్డాయి. వెనక్కి వెళ్లి చూస్తే ఏట్లోకి పైపు దించి ఉంది. గట్టు మీద మోటారు ఆడుతోంది. దాని వెనక మల్లెతోట, తోటలో పాదులు చేస్తూ ఒకామె. భర్త కువైట్‌లో డ్రైవరట. తోట ఆమె ఒక్కతే చూసుకుంటోంది. పూలు ప్రొద్దుటూరు మార్కెట్‌కే వస్తాయట. ఆపమని ఫిట్టరు గట్టిగానే చెప్పాడు. ఆమె అతన్ని కాదు, నన్ను చూసింది.

"ఈడ మొక్కలు సస్తాంటే నీళ్లు నా కండ్ల ముందరే పోతాండాయి. సూస్తా ఎట్ల కూసోవాల మేడం?"

ఆఫీసుకు ఫోన్ చేస్తే కరెంటు తీయిస్తామన్నారు. ఆ పల్లె తాగునీటి బోరు కూడా అదే లైను మీద ఉంది, కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. ఆఫీసువాళ్లను కాసేపు ఆగమని చెప్పి గట్టు మీద కూర్చున్నాను. ఆమె కూడా పార పక్కన పెట్టి కూర్చుంది.

"మాది పులివెందుల పక్కనే అక్కా," అన్నాను. "బోరు ఎండిపోయినేడు మా నాయన చీనీ చెట్లు కొట్టేసినాడు. నీ బాధ నాకు తెలుసు. కానీ ఆడ జనం బిందెలు పట్టుకోని నిలబడుండారు."

తోట చివర ఒక పాత బావి కనిపించింది. ఏట్లో నీళ్లు పారితే దాంట్లో ఊట పెరుగుతుందని, దాన్ని వాడుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరని అన్నాను.

"ఊట రాకపోతే?"

వస్తుందనే అనుకుంటున్నానని, ఎంత వస్తుందో మాత్రం చెప్పలేనని అన్నాను. నేనే మళ్లీ వచ్చి చూస్తానని మాటిచ్చాను. ఆమె తోటకేసి చూసి, లేచి వెళ్లి తనే స్విచ్చి ఆపేసింది. ఫిట్టరు పైపు బయటికి లాగబోతే వద్దని, తనే లాక్కుంది.

నీళ్లు ప్రొద్దుటూరు చేరాయి. మా బావులు కొంచెం తేరుకున్నాయి. రోజు విడిచి రోజు కొళాయిలు ఇవ్వగలిగాం. ఫోన్లలో తిట్లు తగ్గాయి.

వారం పోయాక మళ్లీ ఆ తోటకు వెళ్లాను. బావిలో ఊట వచ్చింది, కానీ తోటంతటికీ చాలేంత కాదు. ఆమె సగం మొక్కల్ని మొదలంటా కత్తిరించేసింది. మిగతా సగం పచ్చగా ఉన్నాయి. నేను వంగి ఒక మోడును ముట్టుకుని చూశాను.

"వానొస్తే అవీ చిగురిస్తాయిలే మేడం," అంది ఆమె. "నువ్వు మళ్లా వస్తావనుకోలేదు. ఎండలో వచ్చినావు, లోపలికి రా, టీ తాగి పోదువు."