కూర్చోబెట్టి చూసిన ఊపిరి

ఆసుపత్రి బల్ల మీద కూర్చోమంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. నా జబ్బును అందరూ కూర్చోబెట్టే చూశారు. అదేమో పరిగెత్తితే వచ్చే జబ్బు.

డెబ్బైల చివర్లో పుంగనూరు హైస్కూల్లో ఎనిమిది వందల మీటర్ల పరుగులో నన్ను మించిన ఆడపిల్ల లేదు. గీత దాటిన కాసేపటికి మాత్రం దగ్గు పట్టుకునేది, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. గంట గడిస్తే మళ్ళీ మామూలే. "పోటీలంటే భయం దీనికి, నాటకాలాడతాంది" అనేవాడు మా డ్రిల్లు అయ్యవారు, అందరూ వినేటట్టు. భయమట. ఆ దగ్గు ఒక్కసారి ఆయనకు వచ్చి ఉంటే బాగుండేది.

నాన్న నన్ను మదనపల్లె తీసుకుపోయాడు. బస్సు దిగి, బెంచీ మీద కాచుకుని కాచుకుని లోపలికి పోయేసరికి నా ఊపిరి బుద్ధిగా ఆడుతోంది. డాక్టరు గొట్టం పెట్టి విన్నాడు. ఏమీ లేదన్నాడు, ఎందుకైనా మంచిదని ఎక్స్‌రే తీయించమన్నాడు. అందులోనూ ఏమీ లేదు. కానీ దగ్గే పిల్ల ఎక్స్‌రేకి మదనపల్లె పోయొచ్చిందంటే మా వీధిలో దానికి ఒకటే అర్థం, క్షయ. ఎక్స్‌రేలో ఏముందో ఎవరికి కావాలి? వారం తిరక్కుండానే అమ్మ నా కంచం, గ్లాసు వేరే గూట్లో పెట్టింది. అయ్యవారు నన్ను జట్టులోంచి తీసేశాడు.

"తక్కిన పిల్లోళ్లకు అంటుకుంటే ఎవురప్పా జవాబు సెప్పేది?" అన్నాడు నాన్నతో.

నిన్నటిదాకా నాటకం, ఇవాళ అంటురోగం.

ఎండాకాలం సెలవులకు నన్ను కుప్పంలో పెద్దమ్మ ఇంటికి పంపారు. పెద్దమ్మ అక్కడి డాక్టరమ్మకు చూపించింది.

"ఎప్పుడొస్తాదమ్మా ఇది?" అని అడిగింది డాక్టరమ్మ.

"పరిగెత్తినాక."

"అయితే పరిగెత్తు."

లంగా ఎగగట్టుకుని ఆసుపత్రి ఆవరణ చుట్టూ పరిగెత్తాను. వరండాలో రోగులు నోరు తెరుచుకుని చూశారు. ఆగిన కాసేపటికి పిల్లికూతలు మొదలయ్యాయి. ఆమె అప్పుడు గొట్టం పెట్టి వింది. ఉబ్బసంలో ఇదొక రకమని, ఎవరికీ అంటదని చెప్పి, పరుగుకు ముందు వేసుకోమని మాత్రలిచ్చింది. ఇంతే పని. ఇంతమందిలో ఒక్కరికీ తోచలేదు. నాకు ఏడుపొచ్చింది, ఒళ్లూ మండింది.

బడి తెరిచాక మాత్ర వేసుకుని అయ్యవారి కళ్లముందే పరిగెత్తాను. దగ్గు రాలేదు. ఆయన నన్ను మళ్ళీ జట్టులో చేర్చుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నా కంచం తీసి అందరి కంచాల్లో కలిపాను. అమ్మ దాన్ని తీసి మళ్ళీ గూట్లో పెట్టింది.

"అంటదని డాక్టరమ్మ సెప్పింది గదమ్మా."

"సెప్పిందిలేమ్మా. అయినా ఆడే ఉండనీ."

ఆ కంచం ఎత్తి వాకిట్లోకి విసిరేశాను. అమ్మ పోయి తెచ్చింది, బూడిద పెట్టి తోమింది, అదే గూట్లో పెట్టింది.