మునిరాజప్ప గారు చెప్పమన్న మాట

మొన్న హోసూరులో ఒక కల్యాణ మండపం ముందు పెళ్లికొడుకు ఎక్కబోయే గుర్రాన్ని కట్టేశారు. పక్కనుంచి పోతుంటే చెమట, తడిగడ్డి కలిసిన ఆ వాసన తగిలి ఆగిపోయాను. మునిరాజప్ప గారు గుర్తొచ్చారు. ఆయనతో పడ్డ అవస్థ కూడా వెంటనే గుర్తొచ్చింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, హోసూరు పక్కనే మూకండపల్లిలో గేర్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నేను కొత్త ఇంజనీరును, ఆయన నా మేనేజరు. డెంకణికోట దగ్గర రైతు కుటుంబంలో పుట్టి, ఫిట్టరుగా చేరి పైకొచ్చిన మనిషి. ఏ పనికీ తొందరపడరు. ఒక బోల్టు బిగించాలన్నా ముందు మెషీన్ చుట్టూ రెండుసార్లు తిరగాల్సిందే. కొత్త మెషీన్‌ను పరీక్షించి తీసుకోవడానికి మా ఇద్దరినీ ఇటలీలో ఒక చిన్న ఊరికి పంపారు. ఇంగ్లీషు మాట్లాడే పని నాది. దారిలో కనిపించిన ప్రతివాణ్నీ ఏదో ఒకటి అడగమనేవారు, అడగలేక చచ్చేదాన్ని. తీరా పరీక్ష మొదలుపెట్టాల్సిన రోజు వర్క్‌షాప్ మూసేశారు. ఆ ఊళ్లో పేటల మధ్య గుర్రాల పందెమట. మాకు మెషీన్ చూపిస్తున్న ఫిట్టర్ పేరు పావోలో, కొంచెం ఇంగ్లీషు వచ్చు. అతని పేట గుర్రమూ పరుగెత్తుతోంది. మాకు మిగిలింది ఇంకొక్క రోజే. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన మాత్రం చొక్కా ఇస్త్రీ చేసుకుని పందేనికి బయలుదేరారు.

పావోలో వాళ్ల పేటలో ప్రతి కిటికీకీ జెండా కట్టారు. వీధి చివర గుర్రాన్ని అటూ ఇటూ నడిపిస్తున్నారు. చిన్నప్పుడు పరుగుపందేల ఎద్దులను సాకిన మునిరాజప్ప గారు చాలాసేపు దాన్నే చూసి నా వైపు తిరిగారు.

"ముందర కుడికాలు ఆనించేకి భయపడతా ఉంది. ఈ పొద్దు పరిగెత్తించొద్దని చెప్పమ్మా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఏడాదంతా ఎదురుచూసిన జనం; వాళ్ల గుర్రాల డాక్టరు పక్కనే ఉన్నాడు. మా పని చెడింది చాలక వాళ్ల పండగా చెడగొట్టాలా అనుకుని, గుర్రం చాలా బాగుందంటున్నారని పావోలోతో చెప్పాను. అతను ఆనందంగా ఆయన్ని కౌగిలించుకున్నాడు. తన మాట చేరిందనుకుని ఆయనా నవ్వారు.

సాయంత్రం ఆ గుర్రం బరిలోకి వస్తే ఆయన ఏమీ అర్థంకాక నన్ను చూశారు. ఊరి నడిమి మైదానం చుట్టూ మట్టి పోసి బాట వేశారు. రెండో చుట్టు మలుపులో గుర్రం కూలింది. రౌతు ఎగిరి కంచెకు కొట్టుకుని భుజం విరగ్గొట్టుకున్నాడు. గుర్రం మూడు కాళ్ల మీద లేచి, వణుకుతూ నిలబడింది.

"నువ్వు వాళ్లకి ఏం చెప్పినావు?" అన్నారు.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే నన్ను లాయానికి నడిపించారు. మెషీన్ చేతికి రాకముందే ఇదంతా ఎందుకని మొత్తుకున్నాను. "నేను చెప్పమన్న మాట ఈ పొద్దన్నా చెప్పు" అన్నారు. చెప్పాను.  పావోలో ఆయన చెయ్యి పట్టుకుని గుర్రం దగ్గరికి తీసుకెళ్లి, కాలిలో ఏం చూశారో చూపించమని సైగ చేశాడు. ఆ రోజు మెషీన్ పరీక్షంతా వాళ్లిద్దరూ సైగలతోనే కానిచ్చారు. నేను ఒక స్టూలు మీద కూర్చున్నాను. ఒక్కరూ నన్ను పిలవలేదు.

గుర్రం బతికిందనీ, మళ్లీ పరుగెత్తలేదనీ తర్వాత తెలిసింది. మునిరాజప్ప గారు ఇప్పుడు లేరు. ఎవరైనా నాకో మాట అప్పగిస్తే, ఎంత చేదైనా, ఎంత వేళకానిదైనా, విన్నది విన్నట్టే చేరవేస్తాను. ఈవిడతో వేగలేమని నా కింద పనిచేసేవాళ్లు తలలు పట్టుకుంటారు. పట్టుకోనీ.