ఉపన్యాసం లేని సినిమా

ఇందాక సీరియల్ మధ్యలో మళ్ళీ పార్టీ ప్రకటన వచ్చింది. చూడగానే మా గుడివాడ వీధి గుర్తొచ్చింది. ఎన్నికలప్పుడు అభ్యర్థులు అద్దె టీవీ, వీడియో డెక్కు పంపి ఊరికే సినిమా వేయించేవారు, మీకూ గుర్తుందా? వేడెక్కిన డెక్కు వాసన, గుచ్చుకునే తుంగచాపలు!

ఓసారి సినిమా సగంలో ఆపి, అభ్యర్థి ఉపన్యాసం క్యాసెట్ పెట్టారు. అమ్మమ్మ లేచింది. ఆమె వెనకే ఆడవాళ్ళందరూ లేచారు.

"ఇది వింటేనే మిగతా సినిమా అండీ. లేదంటే డెక్కు పట్టుకుపోతా," అన్నాడు పార్టీ మనిషి.

పిల్లలం ఏడుపు మొహాలు పెట్టాం.

"పట్టుకుపో నాయనా! రేపు ఓటేసేది మేమా, నీ డెక్కా?" అంది అమ్మమ్మ.

అతను మళ్ళీ సినిమా క్యాసెట్ పెట్టాడు. మా ఈలలకి వీధి దద్దరిల్లింది. అమ్మమ్మ చాప మీద కాస్త జరిగి, "కూర్చో అబ్బాయ్, నువ్వూ చూడు" అంది.