అద్దం గోడ, వాగు అవతల రైలు

అరకులో ఒక పెద్ద హోటల్‌కి కొత్త బ్లాకు కడుతుంటే, గదుల లోపలి అలంకరణ పని నాకు వచ్చింది. యజమాని విజయనగరం నుంచి వచ్చి స్థిరపడిన వ్యాపారి. బాలి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి ఆయనకు బాత్‌రూముల మీద విపరీతమైన భక్తి పట్టుకుంది. ప్రతి సూట్‌లోనూ నిలువెత్తు అద్దం గోడ, దాన్నానుకుని బాత్‌టబ్, ఎదురుగా లోయ ఉండాలన్నాడు.

వాగు అవతలే రైలుపట్టా ఉందని చెప్పి, డ్రాయింగులో వెదురు తెర గీశాను. ఆయన నా పెన్నుతోనే కొట్టేశాడు. లోయ చూడ్డానికి డబ్బిస్తారు గానీ చాప చూడ్డానికి ఎవడిస్తాడన్నాడు. రైలు ఎంతసేపు, ఇలా వచ్చి అలా పోతుందట.

మొదటి సూట్ తయారవగానే, ముచ్చటపడి వాళ్ళక్కను రప్పించాడు. ఆవిడ సున్నిపిండి పొట్లంతో సహా దిగి, నేరుగా స్నానానికి వెళ్ళింది. మేమిద్దరం బయట దీపాల రంగు గురించి వాదించుకుంటుండగా విశాఖ నుంచి వచ్చే రైలు కూత వేసింది. వచ్చింది, సరిగ్గా మా ఎదురుగా సిగ్నల్ లేక ఆగిపోయింది. అద్దాల బోగీలో జనమంతా ఈవైపే చేరి, ఫోన్లెత్తి చేతులూపుతున్నారు.

యజమాని ముఖం పాలిపోయింది. తలుపు దగ్గర నిలబడి, "అక్కా, బేగి లెగు," అన్నాడు. లోపల్నుంచి నవ్వు వినిపించింది. ఆడదాన్ని కదా అని నన్ను వెళ్ళమని బతిమాలాడు.

ఆవిడ లంగా గుండెల దాకా కట్టుకుని, గడ్డం వరకు హోటల్ సబ్బు నురగలో కూర్చుని, రైలుకేసి చెయ్యి ఊపుతోంది.

"ఇదేమిటండీ?" అన్నాను.

"ఏటి సెయ్యమంటావే గుంటా? కాళ్ళు జారిపోతన్నాయి, లెగలేకపోతన్నాను. ఆళ్ళేమో సెయ్యూపుతన్నారు. మనం ఊపకపోతే బాగోదు కదా."

చంకల కింద చేతులు వేసి లాగాను. ఇద్దరం తడిసి నేల మీద కూలబడ్డాం. అప్పుడు గానీ రైలు కదల్లేదు.

పొడి చీర కట్టుకుని కాఫీ తాగుతూ ఆవిడ తీర్పు చెప్పింది: తెర కట్టాలి, టబ్ పక్కన పట్టుకుని లేవడానికి స్టీలు పిడి పెట్టాలి. తెరకు యజమాని నోరెత్తకుండా ఒప్పుకున్నాడు. పిడి దగ్గర మాత్రం మొండికేశాడు. ఆసుపత్రిలా ఉంటుందట.

"అలాగైతే నువ్వు ఒక్కపాలి దిగి లెగరా, సూద్దాం," అంది.

పౌరుషం కొద్దీ ఆయన ప్యాంటు మడిచి నీళ్ళు తీసేసిన టబ్‌లోకి దిగి కూర్చున్నాడు. బొజ్జ అడ్డొచ్చింది. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, అంచు పట్టుకుని మూలిగాడు. అక్క తాపీగా కాఫీ ముగించింది. నేను నవ్వు ఆపుకోవడానికి పలకల అతుకులు పరీక్షిస్తున్నట్టు గోడకేసి తిరిగాను.

కాసేపటికి వెనక నుంచి, ఒక్కో టబ్‌కి రెండేసి పిడులు రాసుకోమని ఆయన గొంతు వినిపించింది.